శాస్త్రానికి కన్నిచ్చిన కళ

శాస్త్రజ్ఞుడు తర్కించేవాడనీ, చిత్రకారుడు ఊహించేవాడనీ, ఆ ఇద్దరి త్రోవలు ఎన్నడూ కలియవనీ మనలో చాలమంది అభిప్రాయం. పాఠశాలలో సైన్సు ఒక గంట, డ్రాయింగు మరొక గంట కావటం చేత ఈ అభిప్రాయం పిల్లల మనస్సులలో చిన్ననాడే నాటుకొంటున్నది. చరిత్ర ఇందుకు విరుద్ధమైన సాక్ష్యం చెప్పుచున్నది. మనుష్యదేహం లోపల ఏమున్నదో లోకానికి సరిగా తెలిసినది, వైద్యుని కత్తికి చిత్రకారుని చేయి తోడైన తరువాతనే.

ఐరోపాలో వేయేండ్లకు పైగా వైద్యవిద్యకు గేలెన్ గ్రంథాలే ప్రమాణం. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దికి చెందిన ఆ మహావైద్యుడు కోతులను, పందులను కోసి చూచి, తాను కన్నదానిని మనుష్యునికి అన్వయించినాడు. తరువాతివారు శవాన్ని ఎదుట ఉంచుకొని కూడ గ్రంథాన్నే నమ్మినారు. ఆచార్యుడు ఉన్నతాసనం మీద గ్రంథం చదువుతూ ఉంటే, క్రింద మరొకడు శవాన్ని కోసేవాడు. చదివినవాడు చూడలేదు, చూచినవాడు చదవలేదు.

ఈ రెంటి నడుమ వంతెన కట్టినవారిలో లియొనార్డో డా విన్సీ (1452–1519) అగ్రగణ్యుడు. చర్మం క్రింద కండ ఎట్లు కదలునో తెలియనిదే బొమ్మకు ప్రాణం రాదని అతడు శరీరాన్ని పరిశీలించటం మొదలుపెట్టినాడు. ముప్పదికి పైగా శవాలను కోసినట్లు తానే చెప్పుకొన్నాడు. ఒకే భుజాన్ని ముందు నుండి, ప్రక్క నుండి, వెనుక నుండి, దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్లుగా వరుసగా గీసినాడు. అంతటివాడు కూడ ఒకచోట తప్పినాడు. గర్భస్థ శిశువును గీసిన ప్రసిద్ధ చిత్రంలో, మాయను మాత్రం ఆవు మాయ వలె చిత్రించినాడు. కంటితో చూచి గీసినప్పుడు అతని రేఖ సత్యం పలికినది; ఒకదాని నుండి మరొకదానిని ఊహించి గీసినప్పుడు అదే రేఖ అసత్యమైనది. చేయి మారలేదు, చూపు తోడున్నదా లేదా అన్నదే భేదం.

లియొనార్డో చిత్రాలు అతని జీవితకాలంలో అచ్చు కాలేదు. ఆ లోటును 1543లో వెసాలియస్ తీర్చినాడు. పడువా విశ్వవిద్యాలయ ఆచార్యుడైన అతడు తానే కత్తి పట్టి, నిపుణులైన చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, చెక్క దిమ్మెలపై చెక్కించి, బాసెల్ నగరంలో ఉద్గ్రంథాన్ని ముద్రింపించినాడు. మనుష్యుని క్రింది దవడ రెండెముకలని గేలెన్ చెప్పగా, అది ఒక్కటే ఎముక అని వెసాలియస్ చూపినాడు. పదమూడు శతాబ్దుల ప్రామాణ్యం ముందు నిలువగలిగినది వాదం కాదు, ఎవరైనను ఎముకతో పోల్చి చూచుకొనదగిన బొమ్మ.

ఇది ఇటలీ కథ, మనకేమి సంబంధమని అనుకొనరాదు. మన నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతకాలపువారు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న పరభాషాపదం జనుల నోట నలిగి కోరంటి అయినది. ఆ ఆసుపత్రికి పెట్టిన పేరు సర్ రోనాల్డ్ రాస్‌ది. ఆ పేరింటివాని కథ చదివితే ఇటలీ మనకు దూరం కాదని తెలుస్తుంది.

రాస్ 1857లో హిమాలయ ప్రాంతపు అల్మోరాలో పుట్టినాడు. బాల్యంలోనే ఇటలీ చిత్రకారుడు రాఫేలు బొమ్మ ఒకదానికి పెన్సిలుతో నకలు తీసినాడు. పదహారవ ఏట డ్రాయింగు పరీక్షలో ప్రథముడుగా నిలిచినాడు. కవిత్వమన్నా, సంగీతమన్నా ప్రాణం. తండ్రి కోరిక మీద వైద్యం చదివి 1881లో సైనిక వైద్యుడై భారతదేశానికి వచ్చినాడు. 1897 ఆగస్టులో సికిందరాబాదు బేగంపేటలో అతడు దోమలను కోస్తున్నాడు. గాలికి దోమ అవయవాలు ఎగిరిపోవునని పంకా ఆపించినాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి; మిగిలిన ఒక్క కంటి అద్దం బీటవారినది. మలేరియా రోగి హుసేన్ ఖాన్, కుట్టిన దోమకొక అణా చొప్పున పుచ్చుకొని, తన రక్తం ఇచ్చినాడు.

ఆగస్టు 20న, నాలుగు రోజుల క్రితం ఆ రక్తం త్రాగిన దోమ కడుపు గోడలో, మిల్లీమీటరులో నూరవవంతుకు కొంచెం మించిన గుండ్రని కణం ఒకటి రాస్ కంట పడినది. అందులో మలేరియా క్రిమికి గుర్తయిన నల్లని రేణువులున్నవి. ఆ కణాలను అతడు నోటుపుస్తకంలో గీసినాడు. మరునాడు కోసిన దోమలో అవి ఇంకను పెద్దవిగా కనిపించినవి. అనగా అవి పెరుగుతున్నవి, జీవమున్నవి. ఆ ఉద్వేగంలో రాస్ పద్యం కూడ వ్రాసినాడు. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశోధన పూర్తిచేసినాడు. మనుష్యుల మలేరియా దోమలో పెరిగే తీరును అదే యేడు ఇటలీలో గ్రాస్సీ, అతని సహచరులు నిరూపించినారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించినది.

అంతకు ముందెందరో దోమలను చూచినారు. కాని గీయ నేర్చిన కంటికి ఒక సుగుణం అలవడుతుంది. ఈ గీత ఎచట మొదలై ఎచట ముగిసినదని అది అడుగుతుంది. నిన్నటి దానికీ నేటి దానికీ గల సన్నని తేడాను విడువదు. నేడు చేతిలో ఫోను ఉండగా గీయటం ఎందుకని విద్యార్థి అడుగవచ్చును. ఫోను చూచినది ఫోనులోనే ఉండిపోతుంది. చేయి గీసినది మనస్సులో నిలుస్తుంది.

మన పాఠశాలలలో జరుగుతున్నదేమి? గైడులోని బొమ్మను చూచి రికార్డులో దించటం, దానికి మార్కులు వేయటం. పువ్వు బల్ల మీదికి రాదు. బొమ్మ మాత్రం చక్కగా వస్తుంది. ఇది శవం ఎదుట ఉండగా గేలెన్‌ను చదివిన పద్ధతియే కదా!

ఉపాధ్యాయులకు ఒక మనవి. పెరటి మందారాన్ని నిలువుగా చీల్చి పిల్లల ముందుంచండి. పుస్తకం మూయించి గీయమనండి. తరువాత తెరిచి పోల్చుకొనమనండి. వంకరగా ఉన్నను, చూచి గీసిన బొమ్మకే ఎక్కువ మార్కులు వేయండి. ఆ వంకర గీతలో ఒక రాస్ దాగి ఉండవచ్చును. నున్నని నకలులో మాత్రం ఎవరూ దాగి ఉండరు.