రెండే అంకెలు... 79 ఖాళీలు!

పేపరు రాగానే ముందు సుడోకు గళ్లు వెతుక్కునే ఆడవాళ్లు మన ఊళ్లల్లో ఎంతమంది లేరు! కుక్కరు మూడు కూతలు వేసేలోపు సగం నింపి, మధ్యాహ్నం గిన్నెలు సర్దాక మిగతా సగం పూర్తిచేసేవాళ్లు నాకే నలుగురైదుగురు తెలుసు. నేనూ ఆ కోవలోదాన్నే. 'కఠినం' అని రాసి ఉన్న సుడోకును కూడా కొట్టివేత లేకుండా నింపగలనని కాస్త గర్వంగా ఉండేది. నాగర్‌కర్నూల్ నుంచి మా అక్క కూతురు ఫోనులో పంపిన ఒక బొమ్మ ఆ గర్వాన్ని ఒక్క పూటలో దించేసింది.

బొమ్మలో మనకు తెలిసిన గళ్లే. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది, మొత్తం 81. కానీ వాటిలో అంకెలు ఎన్ననుకున్నారు? రెండు! ఒక 1, ఒక 2. మిగతా 79 గళ్లూ కడిగిన పళ్లెంలా తెల్లగా ఉన్నాయి. కింద ఒక ముక్క: "చిన్నమ్మా, నింపు చూద్దాం."

పిల్ల తొందరలో సగం బొమ్మే పంపిందనుకుని ఫోన్ చేశాను. "మిగతా అంకెలు రాలేదే, మళ్లీ పంపు" అన్నాను. అటు నుంచి ఒకటే నవ్వు. "అంతే ఉన్నయ్ చిన్నమ్మా. అవి చాలంట!"

వనపర్తిలో నేను, నాగర్‌కర్నూల్‌లో ఈ పిల్ల, గద్వాలలో మా వదిన. ఒకప్పుడు ముగ్గురం ఒకే పాలమూరు జిల్లావాళ్లం. 2016 అక్టోబరులో మూడు జిల్లాలవాళ్లమయ్యాం. ఆ రెండంకెల పుణ్యమా అని పది రోజులపాటు రోజుకు మూడుసార్లు మాట్లాడుకున్నాం. పండగలకు కూడా అంత మాట్లాడుకోం.

ఎవరు కట్టారీ ముడి?

దీని పేరు 'మిరకిల్ సుడోకు'. కట్టినాయన మిచెల్ లీ. ఇంగ్లండులో సైమన్ ఆంథొనీ, మార్క్ గుడ్‌లిఫ్ అనే ఇద్దరు మిత్రులు 'క్రాకింగ్ ది క్రిప్టిక్' పేరుతో యూట్యూబులో రోజూ పజిళ్లు విప్పి చూపిస్తుంటారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌తో లోకమంతా ఇళ్లల్లో కూర్చున్న రోజుల్లో, ఇది సైమన్ ముందుకొచ్చింది. ముందుగా చూసుకోకుండా, కెమెరా నడుస్తుండగానే మొదలుపెట్టాడు.

ఆ పాతిక నిమిషాల వీడియో చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటారా? అంతటి ఆరితేరినవాడు కూడా మొదట అచ్చం నాలాగే మొహం పెట్టాడు! ఎవరో తనను ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. దీనికి జవాబు ఉంటుందా అని అనుమానపడ్డాడు. ఒక అంకె దొరికింది, ఇంకొకటి దొరికింది, గొంతు మారింది. సగానికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. చివరికి మాటలు వెతుక్కున్నాడు. ఒక మనిషి గళ్లు నింపుతుంటే లక్షలమంది కూర్చుని చూశారంటే, చాలామంది ఆ మొహం కోసమే చూసి ఉంటారని నా అనుమానం.

సుడోకు జపాను వాళ్లదనుకుంటాం కదా, పుట్టింది అమెరికాలో. హోవర్డ్ గార్న్స్ అనే రిటైరైన ఆర్కిటెక్టు కట్టిన గళ్లు 1979లో ఒక పజిళ్ల పత్రికలో వచ్చాయి. 1984లో జపానులో మాకి కాజి పత్రిక అందుకుని కొత్త పేరు పెట్టింది. 2004 నవంబరులో లండన్ 'టైమ్స్'లో మొదలయ్యాక ప్రపంచమంతా పాకింది. మన తెలుగు పేపర్లలోకీ ఆ తర్వాతే వచ్చింది.

కాగితం, పెన్సిలు తెచ్చుకోండి

చెప్పడం కంటే చేసి చూస్తేనే దీని రుచి తెలుస్తుంది. 81 గళ్లు గీసుకోండి. పైనుంచి ఐదో వరుసలో, ఎడమ నుంచి మూడో గడిలో 1 వేయండి. ఆరో వరుసలో, ఏడో గడిలో 2 వేయండి. ఇచ్చింది ఇంతే.

మామూలు నియమం మీకు తెలుసు. ప్రతి అడ్డవరుసలో, ప్రతి నిలువువరుసలో, ప్రతి తొమ్మిది గళ్ల పెట్టెలో 1 నుంచి 9 దాకా ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. దీనికి ఇంకో మూడు చేర్చారు. చదరంగం రాకపోయినా ఫర్వాలేదు. రాజు ఏ దిక్కుకైనా, మూలగా అయినా, ఒక్క అడుగు వేస్తాడు. ఒక గడి నుంచి అలా ఒక్క అడుగులో చేరే గడిలో అదే అంకె ఉండకూడదు. గుర్రం రెండు గళ్లు తిన్నగా వెళ్లి ఒక గడి పక్కకు తిరుగుతుంది. గుర్రం గంతు దూరంలోనూ అదే అంకె ఉండకూడదు. ఇక ఆఖరుది, అసలైనది: అడ్డంగా గానీ నిలువుగా గానీ ఆనుకుని ఉన్న గళ్లలో వరుస అంకెలు రాకూడదు. అంటే 4 పక్కన 3 గానీ 5 గానీ కూర్చోకూడదు.

ఇప్పుడు నట్టనడుమ పెట్టె చూడండి. అందులో 1 ఎక్కడుండాలి? ఐదో వరుసలో 1 ముందే ఉంది కనుక పెట్టెలో నడిమి మూడు గళ్లూ పోయాయి. పెట్టెలో ఎడమ అంచున పైగడి, కిందిగడి మన 1కి మూలగా తగులుతున్నాయి. రాజు అడ్డం. అవీ పోయాయి. వాటి పక్క గళ్లు రెండూ గుర్రం గంతు దూరంలో ఉన్నాయి. అవీ పోయాయి. ఇక మిగిలినవి కుడి అంచున పైదీ, కిందదీ. కిందిగడికి ఆనుకునే ఆ 2 ఉంది! 1, 2 పక్కపక్కన కూర్చోకూడదు కదా. కాబట్టి పైదే. నాలుగో వరుస, ఆరో గడిలో 1 రాయండి.

వెంటనే దాని కుడిపక్క పెట్టెకు రండి. నాలుగో వరుసలో, ఐదో వరుసలో 1 వచ్చేసింది. ఇక ఆరో వరుసలోనే రావాలి. ఆ పెట్టెలో ఆరో వరుస మొదటి గడి 2ది. దాని పక్కన 1 కుదరదు. చివరి గడే గతి. ఆరో వరుస, తొమ్మిదో గడిలో 1. మిగిలినవి 77. అవి మీవి!

చూశారా, ఎక్కడా 'ఇదై ఉండొచ్చు' అన్న మాట రాలేదు. మామూలు సుడోకుకు ఒకే ఒక్క జవాబు ఉండాలంటే కనీసం 17 అంకెలైనా ముందుగా ఇవ్వాలి. 16 ఇస్తే చాలదని డబ్లిన్‌లో గ్యారీ మెగ్వయర్ అనే గణితజ్ఞుడి బృందం కంప్యూటర్లతో నెలల తరబడి వెతికి 2012లో తేల్చింది. ఇక్కడ రెండే చాలాయంటే, తక్కిన పనంతా ఆ మూడు నియమాలే చేస్తున్నాయి. ఎన్ని అడ్డాలు పెడితే అంత దారి! (ఇంట్లో ఆడపిల్లలకు పెట్టే అడ్డాల గురించి కాదు నేనంటున్నది. వాటి సంగతి వేరే.)

నిషిద్ధాక్షరి కాదూ?

నేను ఫోనులో ఈ నియమాలు చదువుతుంటే వదిన పక్కనే ఉన్న మా నాన్న విన్నారు. మగ్గం ఇంట్లో పుట్టి, తెలుగు పంతులుగా రిటైరైన మనిషి. "ఇది నిషిద్ధాక్షరి కాదూ?" అన్నారు.

అవధానం ఎప్పుడైనా చూశారా? అందులో పృచ్ఛకుడు ఒక విషయం ఇచ్చి పద్యం చెప్పమంటాడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి 'ఆ అక్షరం వద్దు' అంటాడు. ఆయన ఇంకో దారి వెతికి మరో అక్షరం వేయాలి. మళ్లీ 'అదీ వద్దు'. ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. అలా అడుగడుగునా అడ్డుపడుతుంటే, ఆ అడ్డాల మధ్య నుంచే పద్యం పుడుతుంది.

ఈ సరదా మన ప్రాంతానికి కొత్తదేం కాదు. పండితుల రాకపోకలతో గద్వాలకు 'విద్వద్గద్వాల' అనే పేరే వచ్చింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చివెళ్లినవారే. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం వైపు వెళ్తే, జటప్రోలును ఏలిన సురభి మాధవరాయలు తానే 'చంద్రికాపరిణయం' రాసిన కవి. గద్వాలను ఏలిన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పండితులను ఆదరించింది. ఆ ఊరి డిగ్రీ కాలేజీకి ఆమె పేరే. అవధానం మగవాళ్ల సొత్తన్న మాటా పాతబడింది. బులుసు అపర్ణ లాంటివాళ్లు అవధానాలు చేసి మెప్పించారు.

'లెక్కలు నీకు రావు'

అసలు సంగతికొస్తాను. ఆ పిల్ల ఈ పజిల్ నాకు పంపింది సరదాకు కాదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. జనరల్ నాలెడ్జి కంఠతా వచ్చు. రీజనింగ్ ప్రశ్న కనిపిస్తే మాత్రం చేతులు చల్లబడతాయి. తొమ్మిదో తరగతిలో బోర్డు దగ్గర నిలబెట్టి, అందరి ముందూ 'లెక్కలు నీకు రావు, కూర్చో' అన్నారట. కూర్చుంది. ఆ కూర్చోవడం ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది. "నీకు సుడోకు బాగా వస్తది కదా చిన్నమ్మా, నువ్వు ఎట్ల ఆలోచిస్తవో చూద్దామని పంపిన" అని మూడో రోజు చెప్పింది.

అప్పటికి నా పరిస్థితి ఏమిటంటే, రెండు 1లు వేశాక ఓపిక నశించి, ఒకచోట 5 అయి ఉంటుందిలే అని వేసేశాను. దాని మీద ఇరవై గళ్లు కట్టాను. ఎక్కడో రెండు 8లు మూలగా తగిలాయి. మొత్తం చెరిపాను. మళ్లీ ఊహించాను, మళ్లీ చెరిపాను. కాగితం చిల్లులు పడింది. పేపర్లో సుడోకులు ఇన్నాళ్లూ నేను ఆలోచించి నింపానా, అదృష్టం కొద్దీ నింపానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. ఈ సంగతి పిల్లకు దాచకుండా చెప్పాను. చిత్రమేమిటంటే, దానికి అదే ధైర్యమైంది! "నీకూ తప్పు పోతదా?" అంది.

మా వదిన తీరు వేరు. ఏడో తరగతితో బడి మానేసింది. పెళ్లికి ముందూ తర్వాతా మగ్గమే. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి గద్వాల చీర నేసేవాళ్లకు, పోగు తప్పితే ఎక్కడిదాకా విప్పాలో తెలుసు కనుక, ఊహించి వేసే అలవాటు ఉండదు. మగ్గం పక్క నాపరాయి మీద సుద్దముక్కతో గళ్లు గీసింది. "ఒక్కటి యాడ యాడ ఉంటదో అదే చూసుకుంట పో. తక్కినయి తర్వాత" అంది. ఒక అంకె ముగిసేదాకా ఇంకోదాని జోలికి పోదు. రోజుకు రెండు గళ్లు, మూడు గళ్లు. తెలియని గడి ఖాళీగా ఉంటే ఆమెకు ఏ బాధా లేదు!

పిల్లా, నేనూ ఆ దారే పట్టాం. ఇప్పుడు పిల్ల ఫోన్ చేస్తే 'ఇక్కడ 7 అనుకుంటున్న' అనడం మానేసింది. 'ఇక్కడ 7 ఎందుకు కాదో చెప్తా విను' అని మొదలుపెడుతోంది. మొదటి ప్రపంచ సుడోకు పోటీలు 2006లో ఇటలీలోని లూకాలో జరిగితే గెలిచింది చెక్ దేశపు అమ్మాయి యానా తిలోవా అని తనే వెతికి నాకు చెప్పింది. 2017లో అవే పోటీలు మన బెంగళూరులోనే జరిగాయట!

ఎనిమిదో రోజు రాత్రి వదిన ఫోను. "వదినా, ఇది ఒకటే దండ." నాకు అర్థం కాలేదు. "నిండిన వరసలు చూడు. ఒకటే దండను తిప్పి తిప్పి పెట్టినట్టుంది. ఏ అంకె తర్వాత ఏదొస్తదో అన్నిట్ల అదే." కాగితం తీసి చూశాను. నిజమే! ఏ వరుసలో చూసినా అంకెలు అదే క్రమంలో తిరుగుతున్నాయి. చివరి అంకె అయిపోతే మళ్లీ మొదటికి. మొదలు మాత్రమే మారుతోంది. నా కళ్ల ముందు నాలుగు రోజులుగా ఉన్నా నాకు కనపడలేదు. (ఆ దండ ఏమిటో చెప్పను. మీ సరదా చెడగొట్టడం నాకిష్టం లేదు.)

పదో రోజు పొద్దున ఇంకా ఆరు గళ్లు ఉన్నాయనగా, నాన్న చూసుకోక బిందె తన్నేశారు. నీళ్లన్నీ ఆ బండ మీదే. గళ్లు లేవు, అంకెలు లేవు, తెల్లటి మరక. ఆయన తలపట్టుకున్నారు. వదిన ఏమీ అనలేదు. బండ ఆరేదాకా ఆగి, మళ్లీ గళ్లు గీసి, ముందు ఒక్కో వరుసలో 1 ఎక్కడుందో గుర్తుతెచ్చుకుని వేసిందట. అక్కణ్నుంచి దండ చుట్టుకుంటూ పోతే 81 గళ్లూ నిండాయి. ఆ ఆరుతో సహా! అన్నం ఉడికేలోపు అయిపోయిందని నాన్న చెప్పారు.

ఫొటో తీసి ఇద్దరికీ పంపింది. నాగర్‌కర్నూల్ నుంచి అప్పటికే నిండిన కాగితం వచ్చి ఉంది. రాత్రి ఒంటిగంటకు పంపినట్టుంది. కింద రాసుంది: "ఒక్కటి కూడా ఊహించలేదు చిన్నమ్మా." ముగ్గురిలో ఆఖరుదాన్ని నేనే. సాయంత్రానికి పూర్తిచేశాను.

నిన్న మళ్లీ పిల్ల దగ్గర్నుంచి ఒక బొమ్మ. "ఇంకో రకం దొరికింది. ఇందులో ముందుగా ఇచ్చిన అంకె ఒక్కటీ లేదు" అని రాసింది. నేను ఏం రాయాలా అని ఆలోచిస్తుండగానే గద్వాల నుంచి వదిన జవాబు వచ్చేసింది. సుద్దముక్క బొమ్మ.