నీటికాసుల చుక్కల మందు దొరకకున్నా చికిత్స ఆపరాదు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి: నీటికాసుల వ్యాధికి (గ్లాకోమా) వాడే చుక్కల మందు దుకాణంలో నిండుకున్నదని చికిత్స ఆపివేయరాదు. కంటిలో పెరిగిన ఒత్తిడి చాలామందిలో నొప్పి తెలియకుండానే దృష్టి నాడిని దెబ్బతీస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఆ ఒత్తిడిని ఈ చుక్కలే అదుపులో ఉంచుతాయి.

టిమోలాల్, లాటానోప్రోస్ట్ వంటి మందులను పలు కంపెనీలు వేర్వేరు పేర్లతో తయారు చేస్తున్నాయి. అయితే 1945 నాటి ఔషధ నియమావళిలోని 65వ నిబంధన ప్రకారం, చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు బదులుగా మరొకటి దుకాణదారు ఇవ్వరాదు. కనుక మూల ఔషధం పేరు, శాతంతో వైద్యునిచే చీటీ తిరిగి రాయించుకుంటే ఇతర దుకాణాల్లోను, జన ఔషధి కేంద్రాల్లోను విచారించవచ్చు.

ఉబ్బసం ఉన్నవారికి టిమోలాల్ ప్రమాదకరం. ఇతరులకు రాసిన చుక్కలు వాడరాదు.

2016లో ఏర్పడిన ఈ మూడు జిల్లాల కేంద్రాలు వరంగల్‌లోని ప్రాంతీయ నేత్ర వైద్యశాలకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అందువల్ల సీసా అయిపోవడానికి వారం ముందే మందు కోసం విచారించడం మేలు. తెరవని లాటానోప్రోస్ట్ సీసాను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. దూరం నుంచి తెచ్చేటప్పుడు ఎండ తగలనీయరాదు.