రూట్ కెనాల్ విఫలమైనా పంటిని కాపాడుకోవచ్చు
పాత పూరకాన్ని తొలగించడమే పునఃచికిత్సకు కీలకం

హన్మకొండ: రూట్ కెనాల్ చికిత్స జరిగిన పన్ను కొన్నేళ్ల తరువాత మళ్లీ నొప్పి పెడితే, దానిని తీయించుకోవడం తప్ప గత్యంతరం లేదని పలువురు భావిస్తుంటారు. ఇది అపోహ. వేరు నిలువునా చీలకుండా ఉన్నట్లయితే, అనేక సందర్భాలలో పునఃచికిత్స ద్వారా ఆ పంటిని నిలుపుకొనే అవకాశం గలదు.

మొదటి చికిత్సలో ఏదైనా కాలువ మిగిలిపోయినా, పైన అమర్చిన తొడుగు సడలి లాలాజలం లోనికి చేరినా, సూక్ష్మక్రిములు మరల వృద్ధి చెందుతాయి. పై దవడ మొదటి పెద్ద దంతంలో నాలుగవ కాలువ తరచు కంటికి అందదు. దంతంలోని రక్తనాళాలు అప్పటికే తొలగింపబడినందున, మింగిన యాంటీబయాటిక్ మందు కాలువ లోపలికి చేరదు. కావున పాత పూరకాన్ని తీసి శుభ్రపరచుట అవసరము.

ఈ పూరకంలో ప్రధాన పదార్థం గట్టాపర్చా. మన అడవులలోని ఇప్ప చెట్టు కుటుంబానికే చెందిన ఆగ్నేయాసియా వృక్షాల పాల నుండి ఇది లభిస్తుంది. వేడికి మెత్తబడడం దీని గుణం. వైద్యులు తొలుత ఎక్స్‌రే తీసి, పంటి చుట్టూ రబ్బరు తెరను అమర్చి, వేడి పరికరంతో పైభాగంలోని పూరకాన్ని తొలగిస్తారు. పిదప చేతి ఫైళ్లతో గాని, యంత్రంతో తిరిగే నికెల్ టైటానియం ఫైళ్లతో గాని క్రమంగా లోనికి వెళతారు. గట్టిపడిన చోట కొద్ది చుక్కల ద్రావకం వాడతారు. పూర్వం విరివిగా వాడిన క్లోరోఫారం జంతువులలో క్యాన్సర్ కలిగించినట్లు తేలడంతో 1976లో అమెరికా దానిని ఔషధాలలో నిషేధించింది. నారింజ నూనె, నీలగిరి తైలం దానికి ప్రత్యామ్నాయాలు. ద్రావకం అధికమైతే కరిగిన పదార్థం గోడలకు పూతవలె అంటుకొనును. అందువలన వేరు చివరి భాగంలో దానిని సాధ్యమైనంత తక్కువగా వాడతారు.

ఏ పద్ధతిలోనైనా పూరకం నూటికి నూరు పాళ్లు రాదు. అందుకే సోడియం హైపోక్లోరైట్‌తో పలుమార్లు కడిగి, మరల ఎక్స్‌రే తీసి సరిచూస్తారు. తొందరపడితే ఫైలు విరగడం, వేరుకు రంధ్రం పడడం జరుగవచ్చు. చికిత్సానంతరం కొద్ది రోజులు నొప్పి ఉండుట సహజము.

విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల, ప్రభుత్వ కార్యాలయాలు నెలకొన్న సుబేదారిలో విద్యార్థులు, ఉద్యోగులు పరీక్షలు, సెలవుల కారణంగా చికిత్సను మధ్యలో విడిచిపెట్టరాదు. తాత్కాలిక పూత అరిగిపోతే చేసిన శ్రమ వృథా అగును. పాత ఎక్స్‌రేలు, చికిత్స చీటీలు వెంట తీసుకువెళ్లాలి. క్లిష్టమైన కేసులకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిని సంప్రదించవచ్చు. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగుట కష్టమైనచో ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.