మనవడి పుట్టినరోజుకు పడవ కేకు

మనవల పుట్టినరోజంటే ఇప్పుడు పాయసంతో పాటు కేకు కూడా ఉండవలసిందే. కొని తెచ్చేస్తే ఏ గొడవా లేదు. కాని పిల్లవాడు "అమ్మమ్మా, నాకు పడవ కేకు కావాలి" అని కూర్చున్నాడనుకోండి, అప్పుడేం చేస్తాం?

మా మురమళ్ళ వైపు ఆ కోరికకు ఒక అర్థముంది. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి గారి పేరున వారధి వచ్చాక, యానాం వెళ్ళడానికి పడవతో పని లేకపోయింది. మా తరం పంటు ఎక్కి గోదావరి దాటిన సంగతి పట్నంలో పెరిగే మనవలకు వట్టి కథ. ఆ కథను కళ్ళకు కట్టేలా చూపించాలంటే ఈ శ్రమ పడవచ్చును.

"అంత పెద్ద పని మన వల్ల అవుతుందా?" అని జంకకండి. మినపరొట్టె కాల్చడానికి మన పెద్దవాళ్ళు కింద సెగ పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేవారు కదా! కేకుకు కావలసిందీ అదే, అన్ని వైపుల నుంచీ నిదానమైన వేడి. అయితే పనంతా ఒక్క రోజే పెట్టుకోకూడదు. ముందురోజు కాల్చాలి, మర్నాడు పొద్దున్నే కోసి అలంకరించాలి. వేడి కేకును కోస్తే పొడిపొడి అవుతుంది. రాత్రంతా ఆరితే గట్టిపడి, కత్తికి లొంగుతుంది.

వీరేశ్వరస్వామి కల్యాణానికి వచ్చే చుట్టాల్లో గుడ్డు ముట్టనివారుంటారు గనుక పెరుగుతో చేద్దాం. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగించి, అర చెంచా వంటసోడా, ఒకటింబావు చెంచా బేకింగ్ పౌడరు వేయండి. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. కేకు పొంగేది దాని వల్లనే. బుడగలు రాగానే అర కప్పు నూనె, చెంచా వెనిల్లా, జల్లించిన మైదా కప్పున్నర కలపండి. మైదా పడ్డాక ఎక్కువ గిలక్కొడితే జిగురు సాగి కేకు గట్టిగా వస్తుంది.

మందపాటి గిన్నెలో అంగుళం మందాన పొడి ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడి చేయండి. నూనె రాసిన 7 అంగుళాల గుండ్రటి టిన్నులో పిండి పోసి అందులో దించి, సన్నసెగ మీద సుమారు 45 నిమిషాలు ఉంచండి. మొదటి అరగంటా మూత తీయవద్దు, కేకు కుంగిపోతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకపోతే ఉడికినట్టే. పడవకు రెండు కేకులు కావాలి. రెండో పిండి మొదటిది దించాకనే కలపండి, లేకపోతే పొంగు తగ్గిపోతుంది.

మర్నాడు ఒక కేకును సగానికి కోయండి. రెండు అర్ధచంద్రాలకూ మధ్య జామ్ రాసి అతికించి, వంపు కిందికి వచ్చేలా నిలబెట్టండి. చూశారూ, పడవ వచ్చేసింది! ఒరిగిపోకుండా అడుగు కొంచెం చదునుగా చెక్కాలి. రెండో కేకులోంచి గది, మెట్లు కోసుకోవచ్చు. చెక్కిన ముక్కలు చుట్టూ చేరిన పిల్లలకు పెట్టేయండి.

పైపూతకు వెన్న వద్దు. 32 డిగ్రీల దగ్గర అది మెత్తబడి జారడం మొదలవుతుంది, మన వేసవి వేడి అంతకు మించే ఉంటుంది. అరకిలో పచ్చికోవాలో పంచదార పొడి, రెండు చెంచాల కోకో కలిపి మర్దించి, చపాతీలా ఒత్తి, జామ్ రాసిన పడవకు చెక్కల్లాగా అతికించండి. చుట్టూ వేయించిన కొబ్బరికోరు చల్లితే ఇసుకరేవు.

అయిదేళ్ళలోపు పిల్లలుంటే అలంకరణకు జీడిపప్పు, వేరుసెనగ పలుకులు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. వెదురుపుల్లకు కాగితం తెరచాప కడితే కొవ్వొత్తులు దానికి దూరంగా, వేరే పళ్ళెంలో వెలిగించండి. కేకు కోసేముందు పుల్ల తీసేయాలి.

ఆఖరి కోవా చెక్క మనవడి చేతనే అంటించండి. అంటిస్తూ ఉండగా ఆ రేవు సంగతి, సరంగు సంగతి చెప్పండి. వినడానికి వాడికి అంతకంటె మంచి సమయం దొరకదు. పుట్టినరోజుకు వారం ముందు ఒక్క కేకు కాల్చి, మీ పొయ్యి సెగ ఎలా ఉందో చూసుకోవడం మాత్రం మరచిపోకండి. మరి సెలవు.