హాదిర్ హాజరైన కథ

ఈ వాక్యాలు చదవండి: "దివిసీమ రైతు ఒకాయన తన పొలం హద్దుల గురించి అర్జీ పెట్టుకున్నాడు. గుడివాడ వకీలును వెంటబెట్టుకుని బందరు కోర్టులో హాజరయ్యాడు. హక్కు తనదేనని అసలు పత్రం, నకలు చూపాడు. చివరికి ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి."

ఇందులో అరబ్బీ మూలం ఉన్న మాటలెన్నో చెప్పగలరా? రైతు, హద్దు, అర్జీ, వకీలు, హాజరు, హక్కు, అసలు, నకలు, రాజీ - మొత్తం తొమ్మిది!

ఎడారి భాష కృష్ణా డెల్టాకు ఎలా వచ్చింది? గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. దాని రెండో పేరు 'బందరు' కూడా రేవు అనే అర్థంగల పారశీక పదమే. ఆనాటి ప్రభుత్వ వ్యవహారాలు పారశీకంలోనూ, తెలుగులోనూ సాగేవి. పారశీకంలో అప్పటికే కలిసిపోయి ఉన్న అరబ్బీ మాటలు అలా మనకు చేరాయి.

చేరాక ఏమయింది? తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. కనుక 'వకీల్' వకీలు అయింది. చివర రెండు హల్లులు కలిసి వస్తే వాటి మధ్య కూడా ఒక అచ్చు చేరింది. 'అస్ల్' అసలు, 'నక్ల్' నకలు, 'షర్త్' షరతు అయ్యాయి.

ఇక హాజరు సంగతి చూడండి. అరబ్బీలో అది 'హాదిర్'. నాలుక వెనుక భాగాన్ని పైకెత్తి పలికే బరువైన 'ద' అది. ఆ ధ్వని పారశీకంలో లేదు. వాళ్లు దాన్ని ఇంగ్లీషు 'జడ్' అక్షరంలా పలికారు. మనం దాన్ని 'జ' చేసుకున్నాం. 'రాదీ' రాజీ అయింది. పక్కటెముక, పక్క అనే అర్థంగల 'దిల్అ' జిల్లా అయింది! ఇండోనేషియాలో నేటికీ 'హాదిర్' అనే అంటారు. అంటే మన 'జ' ఈ మాటలు నడిచివచ్చిన దారికి సాక్ష్యమన్నమాట.

వ్యాకరణం కూడా మనదే. అరబ్బీలో వకీల్‌కు బహువచనం 'వుకలా'. మనకు కీలు-కీళ్లు లాగే వకీలు-వకీళ్లు. 'తఅల్లుక్' అంటే సంబంధం. దాని నుంచి తాలూకా వచ్చింది. 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి. కాని "ఆ పొలం ఎవరి తాలూకు?" అనే వాడుకలో ఆ మాట ఇంకా బతికే ఉంది.

మచిలీపట్నంలో కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఇలాంటి మాటలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే ప్రచురించాడు. పొలం పత్రంలో ఒక్క మాటకు అర్థం తెలియకపోయినా రైతు నష్టపోవచ్చు కదా!

కాబట్టి ఈ మార్పులు పలకడం రాక చేసిన తప్పులు కావు. ప్రతి మార్పు వెనుకా ఒక నియమం ఉంది. ఆ నియమాలు నేటికీ పనిచేస్తున్నాయి. 'బస్' బస్సు అయింది. 'కార్' మాత్రం కార్రు కాలేదు, కారు అయింది. ఎందుకు? చివరి హల్లుకు ముందున్న అచ్చు హ్రస్వమో, దీర్ఘమో చూడండి. ఇలాంటివి మరో పది మాటలు మీరే పోగుచేసి, నియమం నిలుస్తుందో లేదో పరీక్షించండి.