గుర్రమెక్కిన తాత

మా తాత హట్టి బంగారు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆదోనిలో వాళ్ళ నాయన జట్కా తోలేవాడట, అందుకని గుర్రమంటే ప్రాణం. పోయిన ఏడాది, 66 ఏళ్ళ వయసులో, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్నిచ్చే స్నేహితుడి దగ్గర స్వారీ మొదలుపెట్టాడు. "ఈ వయసులో గుర్రమేంది? నడుము ఇరిగితే ఎవురు జూసేది?" అని అవ్వ రెండ్రోజులు మాట్లాడలేదు.

మొదటి రోజు, సెలవులకెళ్ళిన నేనూ అక్కడే ఉన్నాను. "భయం లేదు, భయం లేదు" అని పైకే అనుకుంటూ ఎక్కాడు. మోకాళ్ళతో గట్టిగా నొక్కిపట్టాడు, కళ్ళెం గుంజాడు, ఊపిరి బిగబట్టాడు. గుర్రం తలెత్తి పక్కకు జరిగింది. తాత దాని మెడ పట్టుకుని వేలాడాడు. దిగాక చేతులు వణుకుతున్నాయి. "ఇంక నాకొద్దు తల్లీ" అన్నాడు. తాత నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

ఎందుకలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈగ వాలినా తెలిసే చర్మం గుర్రానిది. మనం నోటితో ఏం చెప్పుకున్నా దానికి తెలిసేది మన తొడల బిగువు, నడుము, ఊపిరి. పైనున్న మనిషి బిగుసుకుంటే అదీ బెదురుతుంది. పైగా గుర్రం నడిచేటప్పుడు మన తుంటి కూడా ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదలాలి, అచ్చం మనం నడిచినట్టే. వయసుతో అక్కడి కీళ్ళు పట్టేస్తాయి. అప్పుడు కుదుపంతా నడుము మీదే పడుతుంది.

అమెరికాలో సాలీ స్విఫ్ట్ అని ఒకావిడ ఉండేది (1913–2009). చిన్నప్పటి నుంచి వెన్నెముక వంకర. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక స్వారీ నేర్పడంలో పడి, 1985లో 'సెంటర్డ్ రైడింగ్' అనే పుస్తకం రాసింది. ఆమె చెప్పినవి నాలుగే: చూపును ఒకచోట గుచ్చకుండా చుట్టూ పరచడం, పొట్ట కిందిదాకా ఊపిరి తీయడం, బొడ్డు దిగువన ఒంటి బరువు నిలిచే చోటును గుర్తుంచుకోవడం, పాదాల మీద తుంటి, దాని మీద భుజాలు, ఆపైన తల, ఇటుకలు పేర్చినట్టు ఉంచుకోవడం.

ఇదంతా ఫోన్లో చెబితే తాత నవ్వాడు. "గనిలో మేం జేసిందీ ఇదే గదమ్మా!" లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పు రాతిని గడ్డపారతో తట్టి వినేవాళ్ళట. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడిపడేది. "ఏం గాదులే అని పోతే అయితదా? తట్టి చూసినాకనే ధైర్యం" అన్నాడు. పాజిటివ్‌గా ఉండాలని మనం ఊరికే అంటుంటాం గానీ, ఇంత పని ఉంటుందని నేననుకోలేదు.

ఇప్పుడు ఎక్కే ముందు ఒళ్ళు అలాగే చూసుకుంటాడు. మోకాలు పట్టేసిందా, రాత్రి నిద్ర పట్టిందా, తల తిరుగుతోందా? బాగాలేని రోజు గుర్రానికి మాలిష్ చేసి వచ్చేస్తాడు. నేల మీంచి ఎగిరి ఎక్కడు, రాతి అరుగు మీంచి ఎక్కుతాడు. రికాబులో పాదం ముందు భాగమే పెడతాడు. హెల్మెట్ తప్పదు. బీపీ మాత్రల సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాడు.

జపాన్ రౌతు హిరోషి హోకెత్సు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొని, మళ్ళీ 2012లో లండన్‌లో 71 ఏళ్ళ వయసులో పోటీపడ్డాడని చెప్పాను. "ఆయన రిటైరయినాక మొదలుపెట్టలేదు గదా" అన్నాడు తాత. నిజమే.

అమరకోశంలో గుర్రం నడకలు ఐదు: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. పంచధారలంటారు. తాత వాటి జోలికి పోలేదు. మామూలు నడకే, వారానికి రెండుసార్లు, 20 నిమిషాలు. దిగేటప్పుడు కళ్ళెం పట్టుకునేది అవ్వ.