ఇంజన్ మార్చాక సెల్ఫ్ ఎందుకు తిరగదు?

బీబీపేటలో ఓ పాత కారుకి ఇంజన్ మార్చారనుకోండి. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతాయి, తాళం తిప్పితే సెల్ఫ్ మాత్రం ‘టక్’మని ఊరుకుంటుంది. ఎందుకు?

ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పారదు, కానీ సెల్ఫ్ కరెంటు ఇంజన్ లోహం గుండానే బ్యాటరీ మైనస్‌కి తిరిగి చేరాలి. అందుకే ఇంజన్‌కీ బాడీకీ మధ్య మందపాటి ఎర్త్ వైరు ఉంటుంది. ఇంజన్ దించేటప్పుడు విప్పిన ఆ వైరును మళ్లీ బిగించడం మరిచిపోవచ్చు, లేదా తుప్పు మీదే బిగించేయొచ్చు. లైట్లకు కొద్ది ఆంపియర్లు చాలు. సెల్ఫ్‌కు వంద దాటి కావాలి. 150 ఆంపియర్ల దారిలో 0.02 ఓమ్‌ల అడ్డున్నా 3 వోల్టులు అక్కడే పోతాయి!

మల్టీమీటరు ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్‌కి, మరోటి ఇంజన్ లోహానికి ఆనించి, పెద్దవాళ్లు తాళం తిప్పుతుండగా చూడండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. ఎర్త్ వైరు బోల్టు విప్పేముందు బ్యాటరీ మైనస్ వైరు తప్పక తీసేయాలి.